గుర్రాల కోఠీలో భుజంగరావు స్నానం

రండి, రండి, ఇలా ముందుకి జరిగి కూర్చోండి. ఆ చివర గుసగుసలు ఆపండమ్మా. వేరుశెనక్కాయలు తినేవాళ్ళు తినండి గానీ తొక్కల చప్పుడు రానివ్వకండి. ఒక మనిషి ప్రాణం నీళ్ళపాలు కాబోయిన కథ ఇది. మధ్యలో ఎవరైనా మాట కలిపారా, ఆయన అక్కడే మునిగిపోతాడు, ఆ పాపం మీదే.

డెబ్బై ఎనిమిదో సంవత్సరం, జనవరి నెల, ఆదివారం పూట. దుర్గ్ పక్కన ఉక్కు ప్లాంటు కాలనీలో సెక్టర్ ఫోర్‌లో ఉన్న తెలుగువాళ్ళందరూ ఒక బస్సు మాట్లాడుకుని పిక్నిక్కి బయల్దేరారు. అందులో భుజంగరావు ఒకడు. ప్లాంటులో క్రేను నడుపుతాడు. శ్రీకాకుళం నించి వచ్చి పన్నెండేళ్ళయినా హిందీ ఆయన నాలిక మీద నిలవలేదు. డ్యూటీకి సరిపడా ఓ పదిహేను మాటలున్నాయి. ఇంటికి రాగానే ఆ పదిహేనూ టోపీతో పాటు మేకుకి తగిలించేస్తాడు. ఆయన భార్య సూర్యావతి అలా కాదు. దుర్గ్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ హిందీలో బేరమాడితే కూరలవాడు తట్ట అక్కడే వదిలేసి పారిపోయేవాడు.

వాళ్ళు వెళ్ళింది రుఆబాంధా దాటి చాలా దూరం పోయాక వచ్చే గుర్రాల కోఠీకి. ఇప్పుడు మీరు వెతికినా దొరకదు, వెతక్కండి. విక్టోరియా రాణి కాలంలో ఒక దొర అక్కడ బంగళా కట్టుకుని గుర్రాల్ని పెంచేవాడు. ఇల్లు ఒకటే అంతస్తు గానీ పొడుగు మాత్రం చెప్పనలవి కాదు. ఈ చివర వరండాలో వేడి టీ పట్టుకుని బయల్దేరితే ఆ చివరికి చేరేసరికి చల్లారి మీగడ కట్టేది. ఒక గదిలో వాన కురుస్తుంటే ఇంకో గదిలో వడియాలు ఎండబెట్టుకోవచ్చు. తోటలో గులాబీలు ఒక్కొక్కటీ కంచమంత.

ఆడవాళ్ళు ఆ గులాబీల దగ్గరే ఆగిపోయారు. భుజంగరావు ఒక్కడూ చౌకీదారు వెనకాల పెరట్లోకి నడిచాడు. చౌకీదారు పేరు బిసాహు, ఛత్తీస్‌గఢీ ముసలాయన. తెలుగు ముక్క రాదు. దొర పోయి ఎన్నేళ్ళయినా, కోఠీ చూడ్డానికి వచ్చిన ప్రతివాణ్ణీ దొరలాగే చూసుకుంటాడు.

పెరట్లో ఉంది గుర్రాల స్నానాల గది. నుయ్యిలా గుండ్రంగా, చుట్టూ రాతి గోడ, రెండు నిలువుల ఎత్తు. పైకప్పు మధ్యలో వెలుతురు కోసం మనిషి పట్టేంత కంత ఒకటి. తలుపు ఒక్కటే, అదీ లోపలికి తెరుచుకునేది. నీళ్ళు పోయే తూము పూడిపోయి, అందులో కప్పలు కాపురం పెట్టి తరాలయింది. బయట గోడకి ఇనుప చక్రం ఉంది. అది తిప్పితే గుట్ట మీది చెరువు నీళ్ళు గొట్టంలోంచి లోపలికి దూకుతాయి.

భుజంగరావు లోపలికి వెళ్ళి చుట్టూ చూశాడు. దొర జీనులు ఆరేసుకునే నాలుగు కాళ్ళ చెక్క గుర్రం తప్ప ఇంకేమీ లేదు.

“ఇప్పటికీ నీళ్ళొస్తాయేటి?” అని తెలుగులోనే అడిగి, చేత్తో చక్రం తిప్పినట్టు చూపించాడు.

బిసాహు మొహం వెలిగిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ మాట అడిగిన పుణ్యాత్ముడు లేడు. పరుగున బయటికి వెళ్ళి చక్రం పట్టుకుని ఒక తిప్పు తిప్పాడు.

ఏనుగు తొండమంత ధార వచ్చి ముందు తలుపుకే తగిలింది. తలుపు దభీమని మూసుకుపోయింది. చూస్తుండగానే నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చేశాయి. భుజంగరావు తలుపు లాగాడు. అవతల ఎవరో లాగుతున్నారేమో అనుకున్నాడు గానీ, తోస్తున్నవి ఇవతలి నీళ్ళే.

“చాలు బాబూ, చాలు” అని అరిచాడు.

ఇక్కడ కాస్త ఆగండి. మన చాలు వేరు, హిందీవాళ్ళ చాలూ వేరు. మనం చాలంటే ఆపమని. వాళ్ళు చాలూ అంటే నడిపించమని. సాహెబుకి ఇంకా ధార కావాలి కాబోలనుకున్నాడు బిసాహు.

“జీ సాహెబ్, చాలూ” అంటూ ఇంకో తిప్పు తిప్పాడు.

నీళ్ళు నడుం దాటాయి. భుజంగరావుకి ఈత రాదు. సముద్రం పక్కన పుట్టి కూడా ఒడ్డున నిలబడి దండం పెట్టడమే గానీ కాలు తడుపుకోలేదు. గోళ్ళు పెట్టి తలుపు గీరాడు. ఈ గదిలో ఇలా పోతానని, తనని ఎవరూ చూడరని తోచి, తలుపు సందుకి మూతి ఆనించి అరిచాడు.

“చాల్రా నాయనా, నీకు దండం పెడతాను, చాలు, చాలు, చాలు.”

మూడు చాలులకి మూడు తిప్పులు. ముసలాయన చేతులు నొప్పెట్టినా మాట కాదనే రకం కాదు.

నీళ్ళు గొంతు దాకా వచ్చాయి. చెరువు చేపలు చొక్కాలో దూరి వీపు గోకుతున్నాయి. అంతలో చెక్క గుర్రం తేలుకుంటూ వచ్చి మోచేతికి తగిలింది. భుజంగరావు దాని మెడ కావిలించుకుని, కిందా మీదా పడి ఎక్కి కూర్చున్నాడు. ఆ కుదుపుకి బుర్ర కాస్త కదిలింది. ప్లాంటులో రోజూ చెవిన పడే మాట గుర్తొచ్చింది. మోటార్ చాలూ కరో.

“ఓరి నా నోరు మండ” అనుకున్నాడు. ఆ పదిహేను మాటల్లో ఆపమనే మాట ఏదా అని వెతికితే ఒకటి దొరికింది.

“బంద్, బంద్” అని అరిచాడు.

“దర్వాజా తో బంద్ హీ హై, సాహెబ్” అన్నాడు బిసాహు బయట నించి. తలుపు మూసే ఉందన్నమాట. సాహెబు సిగ్గుపడుతున్నాడేమో అని గొళ్ళెం కూడా పెట్టొచ్చాడు.

చక్రాన్ని హిందీలో ఏమంటారో భుజంగరావుకి ఎంతకీ తట్టలేదు. తల పైకెత్తాడు. కంతలోంచి ఆకాశం కనిపించింది, రొట్టెముక్కంత. క్రేను నడిపే కంటికి ఎత్తు తెలుస్తుంది గదా. ఇంకో రెండు మూరలు పైకి లేస్తే చెయ్యి అందుతుంది. పైకి లేపేవి ఏవి? ఈ నీళ్ళే. అంటే ఇప్పుడు తనకి కావలసింది చాలూయే.

పెళ్ళిలో సన్నాయివాడిలా బుగ్గలు పూరించి, “చాలూ, చాలూ” అని దీర్ఘం తీశాడు.

నీళ్ళు ఒక మూర లేచాయి. సరిగ్గా అప్పుడే భోజనాలకి పిలుద్దామని సూర్యావతి పెరట్లోకొచ్చింది. లోపల మొగుడి కేకలు విని, బయట చౌకీదారు తిప్పుళ్ళు చూసి సంగతి గ్రహించేసింది.

“ఏటి భయ్యా ఇది? ఆయన చాలు చాలని మొత్తుకుంటూ ఉంటే ఇంకా తిప్పుతావేటి?” అని కంగారులో తెలుగులోనే కసిరి, అంతలో హిందీకి మారింది. “హమారీ బోలీ మే చాలు మత్లబ్ బస్. బంద్ కరో” అంది. మన మాటలో చాలంటే ఇక వద్దని, ఆపెయ్యమని.

బిసాహు నాలిక కరుచుకుని చక్రం బిగించేశాడు. ధార ఆగిపోయింది. గొళ్ళెం తీసి ఇద్దరూ తలుపు తోశారు. వెంట్రుకవాసి కదల్లేదు. లోపల భుజంగరావు వేళ్ళకీ కంతకీ మధ్య ఒక్క మూర. కింద నిలువు దాటిన నీళ్ళు.

“చాలూ” అని అరిచాడు.

“ఆపించీసానండీ. ఇంక భయం లేదు.”

“ఎందుకాపించీసావే? చాలూ.”

“ఆపీసాడంటున్నాను గదండీ.”

“ఆ చాలు కాదే, ఈ చాలూ.”

“ఏ చాలైనా ఒకటేనండీ, చుక్క రాట్లేదు.”

ఈలోగా నూరేళ్ళ చెక్క గుర్రం నీళ్ళు తాగి బరువెక్కుతోంది. ఒక కాలు ఊడి కిందికి పోయింది. ఇంకో కాలు కిర్రుమంది. భుజంగరావుకి ఏ చాలు ఎవరిదో కలిసిపోయి, “చాలు, చాలూ, చాలు” అంటూ ఏడుపుగొంతుతో వల్లించడం మొదలెట్టాడు.

సూర్యావతి తలుపుకి చెవి ఆనించి వింది. ఎక్కడో విన్న గొంతే అది. పన్నెండేళ్ళుగా రోజూ రెండుపూటలా వింటున్న గొంతు. కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి చాలు చాలంటాడు. నిజమే అనుకుని గరిటె వెనక్కి తీస్తే సాయంత్రం దాకా మాట్లాడడు. ఈయన చాలన్నాడంటే ఇంకో గరిటె పడాల్సిందే.

“భయ్యా, ఏక్ గరిటె ఔర్ డాలో” అంది.

బిసాహుకి గరిటె అర్థం కాలేదు గానీ ఔర్ అర్థమైంది. చక్రం తిప్పాడు. నీళ్ళు మూర లేచాయి. భుజంగరావు వేళ్ళు కంత అంచుని పట్టుకున్నాయి. కింద చెక్క గుర్రం ఆఖరిసారి సకిలించినట్టు చప్పుడు చేసి మునిగిపోయింది. తల వచ్చింది, భుజాలు వచ్చాయి, పొట్ట దగ్గర కాసేపు ఇరుక్కుని, తరవాత మనిషి మొత్తం సీసా బిరడాలా ఊడి కప్పు మీద వెల్లకిలా పడ్డాడు. ఆకాశం ఎంత పెద్దదో అప్పుడే చూస్తున్నట్టు చూశాడు. చొక్కాలోంచి చేపలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి.

గులాబీల దగ్గర నించి జనం పరిగెత్తుకొచ్చారు. అందరికన్నా వెనకాల, చేతిలో ఒలిచిన కమలాపండుతో, పక్క క్వార్టరు కామాక్షమ్మ వచ్చింది. పైకి చూసింది. గది చుట్టూ ఓసారి తిరిగొచ్చింది. ఒక తొన నోట్లో వేసుకుని అంది కదా:

“డాబా ఎక్కాలంటే అటుపక్క మెట్లున్నాయి గదండీ. ఇంత తడుసుకుని ఎక్కడం దేనికి?”