ఒక్క ఉతుకుతో పోయే రంగు

బిక్షం భార్య బుచ్చమ్మ పోయి నాలుగు నెలలైంది. చావు జరిగిన ఇంట్లో ఏడాది దాకా పండుగ చేయరు కాబట్టి ఈసారి బిక్షం ఇంట్లో హోలీ లేదు. వద్దని గట్టిగా చెప్పింది కూడా బిక్షమే. కానీ మల్కాజ్‌గిరిలో వాళ్ల గల్లీ అంతా రంగులాడుతుంటే తొమ్మిదేళ్ల మనవరాలు కల్పలతను కిటికీ దగ్గర కూర్చోబెట్టడం ఎవరి తరం? అందుకే కొడుకు హరికిషన్ పొద్దున్నే, పిల్లలు పిచికారీలు పట్టుకుని బయటికి రాకముందే, అందరినీ కారెక్కించి బొటానికల్ గార్డెన్‌కు బయలుదేరాడు. కోడలు పెరుగన్నం డబ్బా, నీళ్ల సీసాలు సర్దింది. పేరుకు మాత్రం పిక్నిక్.

బిక్షం ఎప్పటిలాగే తెల్ల అంగీ తొడుక్కున్నాడు. రెజిమెంటల్ బజార్‌లో ఆయనది నలభై ఏళ్ల లాండ్రీ. బుచ్చమ్మ ఉతికేది, ఆయన ఇస్త్రీ చేసేవాడు. ఒంటి మీది అంగీయే ఆ దుకాణానికి బోర్డు. చారు చుక్క పడుతుందేమోనని అన్నం ముందు కూడా తువ్వాలు పరుచుకునే మనిషి. అలాంటివాడికి హోలీ ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? ఆ రోజు మధ్యాహ్నం దాకా లోపలి అర్రలో గడియ పెట్టుకుని కూర్చునేవాడు.

బుచ్చమ్మకేమో హోలీ అంటే ప్రాణం. ముందురోజే బజార్లో గంపల్లో వచ్చే మోదుగపూలు కొని, తెల్లారకముందే పెద్ద గిన్నెలో ఉడికించి, చిక్కటి నారింజ రంగు తీసేది. మనవరాలికీ గల్లీ పిల్లలకూ ఆ రంగే. అందరికీ పూశాక గ్లాసులో కొంచెం మిగుల్చుకుని అర్ర తలుపు దగ్గరికొచ్చేది.

"ఓ అయ్యా, తలుపు తియ్యి. జెరంత చెంపకు పెట్టి పోత."

"అంగీ ఖరాబైతది. లాండ్రీవాని అంగీకే మరకుంటే బట్టలెవరిస్తరు?"

"మోదుగ రంగు ఒక్క ఉతుకుతోని పోతది. ఉతికేది నేనే గద."

"వచ్చే ఏడు చూద్దాం తియ్యి."

నలభై ఒక్క హోలీలు ఇదే మాట. మొదట్లో ఆయన బాధ నిజంగా అంగీ గురించే. పోనుపోను అదొక సరసమైపోయింది. ఆమె అడగడం, ఈయన కాదనడం, చివరికి గ్లాసులోని రంగు వాకిట్లో మందార మొదట్లో పోసెయ్యడం. ఆమె నవ్వుకుంటూ పోయేదనే బిక్షం అనుకున్నాడు. తలుపు వేసుకుని లోపల కూర్చున్నవాడికి ఆమె ముఖం ఎలా కనిపిస్తుంది?

గార్డెన్‌లో ప్రతి చెట్టుకూ పేరు రాసిన రేకు బిళ్ల ఉంది. హరికిషన్ బళ్లో పంతులులా ఒక్కోటీ చదివి వినిపిస్తున్నాడు. వినేవాళ్లు లేరని తెలిసీ చదువుతున్నాడు. వెదురు పొదలు దాటి మలుపు తిరగగానే బిక్షం కాళ్లు ఆగిపోయాయి. ఎదురుగా పెద్ద మోదుగ చెట్టు. ఆకన్నది లేదు, కొమ్మకొమ్మకూ పూలే. కింద నేలంతా పూలే. ఇన్నేళ్లూ గంపలో వాడిన పూలను చూశాడు గానీ చెట్టును చూసింది ఇప్పుడే. ఈ బిళ్ల ఎవరూ చదవనక్కర్లేకపోయింది.

కల్పలత అప్పటికే కింద కూర్చుని గౌను ఒళ్లోకి పూలు ఏరుతోంది.

"పండుగ లేదన్న గద బిడ్డా. పారెయ్యి," అన్నాడు బిక్షం.

"నాకు కాదు తాతా, నీకే. నానమ్మ చెప్పింది."

"ఏం చెప్పింది?"

"పోయిన హోలీకి నువ్వు తలుపు తియ్యలే గదా. నానమ్మ చానాసేపు గ్లాసు పట్టుకొని నిలబడ్డది. కండ్లు తుడుచుకుంది. 'నాతోని పెట్టించుకోడు, నువ్వు పెట్టు బిడ్డా, నీకైతే కాదనడు' అన్నది."

కోడలు పిల్లను కసరబోయింది. బిక్షం చెయ్యెత్తి ఆపాడు. సరసమనుకున్నాడు. ఆమె కళ్లు తుడుచుకుంటుంటే గడియ పెట్టుకుని లోపల నవ్వుకున్నాడు. చెట్టు కిందున్న బండ మీద చతికిలబడ్డాడు.

"పెట్టు," అన్నాడు పిల్లతో.

"నాయినా, ఏడాది కాలే గదా," అన్నాడు హరికిషన్ మెల్లగా.

"నాకెర్కే. పెట్టనియ్యి."

పిల్ల సీసాలోని నీళ్లు చల్లి పూలు దోసిట్లో నలిపింది. రంగు దిగలేదు. పసరు వాసన, కాస్త చెమ్మ, అంతే. బిక్షం ఆ పూలు తీసుకుని, ఇస్త్రీపెట్టె పట్టి కాయలు కాసిన చేతులతో బలమంతా పెట్టి పిండాడు. రాలేదు.

"నానమ్మ ఉడకబెట్టేది తాతా."

"ఎంతసేపు?"

పిల్లకు తెలియదు. సున్నం కూడా కలిపేదేమోనంది కోడలు. ఎంత కలిపేదో ఆమెకూ తెలియదు, తను లేచేసరికే గిన్నె నిండా రంగు ఉండేదట. హరికిషన్ తల దించుకున్నాడు. అసలు ఆ గిన్నె పక్కన కూర్చుని ఏటేటా చాయ్ తాగింది బిక్షం ఒక్కడే. ఒక్కసారి తలతిప్పి చూసుంటే తెలిసేది. చూడలేదు.

"ఏం గాదు, గదే పెట్టు," అని ముఖం ముందుకు వంచాడు.

కల్పలత తడి వేళ్లతో రెండు చెంపలకూ రాసింది. నీళ్లు మెడ మీదుగా కారి కాలరు తడిపాయి. బిక్షం తుడుచుకోలేదు. ఎవరేమనుకున్నా సరేనని ఏడ్చాడు. పెరుగన్నం డబ్బా మూత ఎవరూ తియ్యలేదు.

ఇల్లు చేరేసరికి మూడు దాటింది. గల్లీ మొగదల పక్కింటి బాబూరావు, నెత్తి నుంచి కాళ్ల దాకా రంగుతో, కారును చూసి అలవాటు కొద్దీ నవ్వాడు.

"ఈ ఏడు సుత తప్పించుకున్నవ్ బిక్షమన్నా," అనేసి, గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు.

బిక్షం కారు దిగాడు. ఇంట్లోకి పోయి అద్దం ముందు నిలబడ్డాడు. ఎండకు చెంపలు ఆరిపోయాయి. అంగీ విప్పి కిటికీ వెలుగులో పట్టుకుని కాలరంతా వేలితో తడిమి తడిమి వెతికాడు. మరక ఉండాలని ఆయన కోరుకోవడం జన్మలో అదే మొదలు. కాలరు పొద్దున ఇస్త్రీ చేసినప్పుడు ఎంత తెల్లగా ఉందో అంతే తెల్లగా ఉంది.