హర్ఖాబా కునుకు

మహిధర్‌పురా వజ్రాల వీధిలో పొద్దున్నే టీ, గాఠియా ఫలహారం కాగానే దలాలులు స్కూటర్ల సీట్ల మీదే పొట్లాలు విప్పుతారు. బేరం తెగేముందు, అరుగు మీద కూర్చున్న పెద్దావిడ హర్ఖాబా గుప్పిట్లో రాయి పెడతారు. భూమిలో పుట్టిన రాయైతే, దానిలో కోట్ల ఏళ్ళ నిద్ర ఉంటుంది కాబట్టి ఆవిడకు కునుకు పడుతుంది. మచ్చలేని రాయికి కదలకుండా నిద్రపోతుంది. లోపల నలుసుంటే కలవరిస్తుంది. పసుపు చాయ ఉంటే ఆవలింతలు ఆగవు. చెక్కడం కుదరకపోతే గురక వంకరపోతుంది. బరువు సంగతి త్రాసుకే వదిలేస్తుంది. అదే యంత్రంలో కొద్ది వారాల్లో పెరిగిన రాయైతే, "ఇది నిన్నటి పిల్ల. తను పడుకోదు, నన్ను పడుకోనివ్వదు" అని తిరిగిచ్చేస్తుంది.

అదీ వజ్రమే. అదే కర్బనం, అదే మెరుపు, అదే గట్టితనం. దాన్నీ నలుసు, రంగు, చెక్కడం, బరువు అనే ఈ నాలుగు గుణాలతోనే అంచనా కడతారు. ధరే చాలా తక్కువ. ఎంత చేయి తిరిగినవాడికైనా భూతద్దంలో తేడా తెలియదు. నేను కాలేజీలో రసాయన శాస్త్రం చదివే రోజుల్లో వజ్రమూ బొగ్గూ ఒకటేనంటే, మా నాన్న నన్ను మా వజ్రాల దుకాణం మెట్టెక్కనివ్వలేదు. సరే, అది వేరే కథ.

యంత్రపు రాళ్ళు వచ్చినప్పటినుంచీ వజ్రాల వ్యాపారి నాగ్‌జీ శేఠ్‌కి నిద్ర లేదు. తమ్ముణ్ణి, గుమాస్తాని, టీలో పాలను కూడా అనుమానించేవాడు. ఆ రోజు హర్ఖాబా కొడుకు, దలాలు భూపత్, అమ్మిపెట్టమని తానిచ్చిన రాయి అమ్ముడుపోక తిరిగి తెస్తే శేఠ్ వీధి మధ్యలోనే అరిచాడు.

"రాయి మార్చావురా!"

"మీ చేత్తో ఇచ్చిందే మీ చేతికి తెచ్చాను శేఠ్."

"అలా అనని దొంగ ఎవడు?"

ఇక్కడ నోటిమాట మీదే పొట్లాలు చేతులు మారతాయి. ఆ మాట పోతే దలాలుకి మరో పొట్లం పుట్టదు.

"రాళ్ళను పరీక్షించే మిషన్లో పెట్టి చూడండి శేఠ్," అన్నారెవరో.

"మిషన్లో పుట్టినదాన్ని మిషన్ పట్టిస్తుందా? ఒక్క కడుపున పుట్టినవి!"

రాయి హర్ఖాబా గుప్పిట్లో పెట్టారు. ఆవిడ తల వాలిపోయింది. కలవరింత లేదు, గురక లేదు.

"నటన! కొడుకు కోసం నటిస్తోంది!" అన్నాడు శేఠ్.

ఏళ్ళ తరబడి ఆవిడ కునుకును నమ్మినవాళ్ళు కూడా వంగి చూశారు.

"రెప్ప కదిలిందిరా."

"ఈగ వాలితే నీది కదలదా?"

హర్ఖాబా కళ్ళు తెరిచింది. "నాగ్‌జీ, మా ఆయన దగ్గర నువ్వు సాన పని నేర్చుకునేటప్పుడు నీకు సజ్జరొట్టె పెట్టిన చెయ్యిది. పట్టుకుని చూడు."

శేఠ్ ఆవిడ అరచెయ్యి తిప్పి చూశాడు, మత్తుమందేమోనని వాసన చూశాడు. అప్పుడు పక్కన కూర్చుని, రాయి మధ్యలో ఉండేలా చెయ్యి పట్టుకున్నాడు.

"మాత్రలు మింగినా రాని నిద్ర నాకిప్పుడు..."

మాట సగంలో ఆగింది. ఆయన తల హర్ఖాబా భుజం మీదికి ఒరిగింది.

వీధిలో స్కూటర్లను ఇంజను ఆపి నెట్టుకుపోయారు. భూపత్ ఎండ తగలకుండా గొడుగు పట్టి నిలబడ్డాడు.

పొద్దువాలాక శేఠ్ లేచాడు. ముందు జేబులు తడుముకున్నాడు. తర్వాత రాయిని భూతద్దంతో చూసి, గొడుగు వంక చూసి, అందరికీ వినపడేలా అన్నాడు:

"ఇలాంటివి ఒక్కసారికి తేలవు. రేపూ చూడాలి, ఎల్లుండీ చూడాలి. అందాకా ఈ రాయి నీ దగ్గరే ఉంచరా భూపత్."