వెంకవ్వ చెప్పిన వాసనలు

"ఆ డబ్బల ఏమున్నదే పిల్లా?" అని మా అత్త వెంకవ్వ అడిగేసరికి నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. కంపెనీ పంపిన చాయ్‌పత్తా నమూనాలని అబద్ధం చెప్పాను. ఆమె మరేం అడగకుండా చాట అందుకుని నా పక్కనే కూర్చుంది.

లాక్‌డౌన్ మొదలై అప్పటికి నాలుగో నెల. ముంబై పక్కన మా భివండిలో సాంచాల మోత, ఆ మరమగ్గాల హోరు, ఆగిపోయింది. మా పెళ్లయిన పదకొండేళ్లలో మొదటిసారి, అరవకుండా మాట్లాడినా ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడుతోంది. మా ఆయన ఓంప్రకాష్ తన సాంచాల షెడ్డుకు తాళం వేసి ఇంటి పట్టునే ఉంటున్నాడు. పని ఉన్నది నా ఒక్కదానికే. అంతకుముందు రోజూ అంజూర్ ఫాటా దగ్గర బస్సెక్కి ఠాణేలోని ఒక ఈవెంట్ కంపెనీకి వెళ్లేదాన్ని. పెళ్లిళ్లూ ప్రదర్శనలూ అన్నీ ఆగిపోయాక మా మేనేజర్ నిలేష్ ఆన్‌లైన్‌లో విస్కీ రుచుల పండుగ పెడదామన్నాడు. లైసెన్సున్న దుకాణం నుంచి మూడు వందల మంది ఇళ్లకు ఐదేసి చిన్న సీసాలున్న డబ్బాలు వెళ్తాయి. శనివారం సాయంత్రం అందరూ తెర ముందు కూర్చుంటారు. పుణెలో ఉండే నిపుణుడు ఒక్కో విస్కీ గురించి చెప్తుంటే వాళ్లు వాసన చూసి గుటకేస్తారు. జాబితాలు, చిరునామాలు, డబ్బా అందలేదన్న వాళ్ల తిట్లు అన్నీ నా వంతు. తెర మీద నా పేరుండాల్సిన చోట మాత్రం 'సపోర్ట్' అని ఉండేది. మీటింగుల్లో నేను నోరు తెరిస్తే చాలు, కుక్కర్ కూత వినపడుతోంది, మ్యూట్‌లో ఉండమనేవాడు నిలేష్. ఆ మీటింగులు పెట్టేది సరిగ్గా వంట వేళకే.

నిపుణుడు ఒక్కో విస్కీకి రెండేసి ముక్కలు రాసి పంపాడు. వాటిని అందరికీ అర్థమయ్యేలా మంచి మాటల్లోకి మార్చమని నాకు అప్పగించారు. ఎట్లా మార్చను? పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం ఓంప్రకాష్ ముందు గ్లాసు, చల్లటి నీళ్లు, వేయించిన పల్లీలు, తరిగిన ఉల్లిగడ్డ పెట్టి వస్తున్నదాన్నే గాని, ఆ గ్లాసులో ఏ వాసన ఉంటుందో నాకు తెలియదు. తెలుసుకోవాలని ఉందా అని నన్ను అడిగినవాళ్లూ లేరు. నా అంతట నేనూ అడగలేదు. అందుకే ఓ మధ్యాహ్నం ఆయన షెడ్డులో దుమ్ము దులిపి వస్తానని వెళ్లగానే, కంపెనీ నాకు పంపిన డబ్బా విప్పాను.

వెనక నుంచి అత్త వచ్చింది. ఇక దాచి లాభం లేదని మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె మోకాళ్లు పట్టుకుని మెల్లగా కింద కూర్చుని చెయ్యి చాపింది.

"తే ఇటు. మా ఊర్ల కల్లు ముంత ముంగట పెడితే, తాగకముందే అది ఏ చెట్టుదో చెప్తుంటి."

ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. కొడుకు సేఠ్ అయ్యాక పరువు పోతుందని మాన్పించాడట. మానేసింది.

మొదటి సీసా వాసన చూసి, గంజి పెట్టిన నూలు ఎండలో ఆరేసిన వాసన అంది. రెండోది ఇప్పపువ్వు అంది. మూడోదానికి చాలాసేపు కళ్లు మూసుకుంది. వానకు ఆరిపోయిన పొయ్యి వాసనంది. నేను గబగబా రాసుకున్నాను. మూతెడు మూతెడు పోసుకుని తాగాం. నాకు పొలమారితే కొంగు అడ్డం పెట్టుకున్నాను. అత్త నవ్వి నా వీపు నిమిరింది. సరిగ్గా అప్పుడే ఓంప్రకాష్ లోపలికి వచ్చాడు.

"ఆడోళ్లు ఇంట్ల విస్కీ ముంగటేసుకొని కూసున్నరని నలుగురికి తెలిస్తే, నా ముఖం ఏడ వెట్టుకోవాలె?"

అత్త తలెత్తలేదు. "నేను కల్లు తాగిననాడు మీ నాయిన నా పక్కనే కూసున్నడు. ఆయన ముఖం ఏడికీ పోలే."

ఓంప్రకాష్ చెప్పులు విప్పి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను రాసుకున్న కాగితం వైపు చూసి, మూడో సీసాకు ఏ వాసనని రాశారని మెల్లగా అడిగాడు.

శనివారం ఆరింటికి మూడు వందల మందీ తెర మీదికి వచ్చారు. బయట వాన దంచుతోంది. రెండో విస్కీ దగ్గర పుణె నిపుణుడి లైను తెగిపోయింది. ఎంత ప్రయత్నించినా కలవలేదు. క్షమాపణ రాసి కార్యక్రమం ఆపేయమని నిలేష్ నుంచి మెసేజ్ వచ్చింది. ఆపడానికి బటన్ మీద వేలు పెట్టాను. తెర నిండా గ్లాసులు పట్టుకుని ఎదురుచూస్తున్న ముఖాలు. నేను మైకు తెరిచి, కెమెరా కూడా తెరిచాను.

నా పేరు కళ, భివండి నుంచి మాట్లాడుతున్నానని నాకొచ్చిన బజారు హిందీలోనే చెప్పాను. వెనక గిన్నెల అల్మారా కనపడుతోందని తెలుసు. కుక్కర్ కూత వేయబోతుంటే ఓంప్రకాష్ లేచి వెళ్లి స్టవ్ ఆపాడు. ఇప్పపువ్వు గురించి చెప్పాను. మూడో సీసా తెరవమని, అది వానకు ఆరిన పొయ్యి వాసనని, ఆ మాట మా అత్త వెంకవ్వదని చెప్పాను. ఎవరో పెద్దాయన తన మైకు తెరిచి, చిన్నప్పుడు వాళ్లమ్మ వంటింట్లో ఇదే వాసన ఉండేదని చెప్పి, గ్లాసు మరోసారి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ తర్వాత గంటన్నర మాట్లాడాను.

మర్నాడు నిలేష్ సంతోషంగా ఫోన్ చేశాడు. వచ్చే నెల మళ్లీ పెడదామన్నాడు. మీ అత్తగారి మాటలు బాగున్నాయి, రాసి పంపితే నిపుణుడు చదువుతాడు, నువ్వు ఎప్పటిలాగే వెనక నుంచి చూసుకో అన్నాడు. ఆ మాటలు వెంకవ్వ పేరుతో తెర మీద పడాలని, చదివేది నేనేనని చెప్పాను. మరి నిపుణుడికి ఏం చెప్పాలని గొణిగాడు. చివరికి సరేనన్నాడు.

అంతా వింటున్న ఓంప్రకాష్ దగ్గరికొచ్చి కూర్చున్నాడు. చాన్నాళ్లుగా మనసులో ఉన్నదేదో అడుగుతున్నట్టు, "నిజం చెప్పు కళా, విస్కీ నచ్చిందా నీకు?" అన్నాడు.

"లేదు. గొంతు మండింది," అన్నాను. "నేను మాట్లాడుతుంటె మూడొందల మంది సప్పుడు జేయకుంట విన్నరు. అది నచ్చింది. అది మాత్రం ఇడువ."