పూలి కోరిన పని

"ఇది మంచిగుందా, ఇంతకు ముందుదా?" శ్యామల నాలుగోసారి అడిగింది.

నాంచారమ్మ ముక్కు మీద గుండ్రటి చట్రం బరువుగా కూర్చుంది. ఎదురుగా గోడ మీద చదువురాని వాళ్ళ కోసం పెట్టిన పట్టీ. అందులో అన్నీ మూడు కాళ్ళ గుర్తులే. కాళ్ళు ఎటుంటే చెయ్యి అటు చూపాలి. ముసలమ్మ గడ్డం ఎత్తి చూసింది, దించి చూసింది.

"రెండు మంచిగనే ఉన్నయ్ బిడ్డా. నీకేది నచ్చితే అది పెట్టు."

"నాకు కాదవ్వా. చూసేది నువ్వు."

శ్యామల ఇంకో గాజుబిళ్ళ మార్చింది. తొందరపెడితే ముసలివాళ్ళు బెదిరిపోయి నోటికొచ్చింది చెప్పేస్తారు. ఆ తప్పుడు అద్దాలతో ఇంటికెళ్ళి గడప తట్టుకుని పడతారు. అయిదో బిళ్ళకు నాంచారమ్మ మెడ ముందుకు చాచడం మానేసింది. శ్యామల ఆ బిళ్ళ నంబరు రాసుకుని మూలకు తిరిగింది.

"ఎందుకు ఇదే రాసిన్నో తెలిసిందా?"

మూలన స్టూలు మీద కూర్చున్న పిల్ల వెంటనే అంది, "మెడ సాగదీసుడు ఆపింది మేడం."

ఆ సంగతి శ్యామల ఎవరికీ నేర్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

పిల్ల పేరు పూలి. చండ్రుగొండ అవతల, అడవి అంచున ఉన్న తండా. ఇంటర్ బైపీసీ పాసయింది గాని డాక్టరు సీటు వచ్చే ర్యాంకు రాలేదు. ఆప్టోమెట్రీ అని నాలుగేళ్ళ చదువు ఉంటుందని కాలేజీలో ఎవరో చెప్పారట. అదేమిటో తండాలో చెప్పగలిగిన వాళ్ళు లేరు. అందుకని తండ్రి రెడ్యా పొద్దున్నే వెంటబెట్టుకొచ్చాడు. "మేడం, మీరు చేసే పని మా బిడ్డ ఒక్క దినం చూస్తదంట. దీనికి పనికొస్తదో లేదో మీరే చెప్పున్రి" అని దింపి, పత్తి విత్తనాల కోసం వెళ్ళాడు. నాలుగింటికి వస్తానన్నాడు.

మే నెల ఎండలోంచి వచ్చిన పూలి గుమ్మంలో చాలాసేపు నిలబడిపోయింది. బెరుకనుకుంది శ్యామల. లోపలికి గోడ తడుముతూ వచ్చి, స్టూలుకు మోకాలు కొట్టుకుంది. అదీ బెరుకే అనుకుంది.

శ్యామల తండ్రి కొత్తగూడెం గనుల్లో పనిచేశాడు. కూతురు డాక్టరు కావాలని ఆయనకుండేది. రెండుసార్లు పరీక్ష రాసి, రెండుసార్లూ సీటు రాక, ఆమె కంటి పరీక్షల కోర్సులో చేరింది. ఖమ్మం ట్రస్టు వాళ్ళు ఈ కిరాయి ఇంట్లో రెండు గదుల కేంద్రం తెరిచి ఆమెను కూర్చోబెట్టారు. అప్పటినుంచి ఇరవై రెండేళ్ళు: పొద్దున కొత్తగూడెం బస్సు, పగలంతా కిటికీలకు నల్లగుడ్డ కట్టిన గది, సాయంత్రం మళ్ళీ బస్సు. జనం డాక్టరమ్మా అంటారు. డాక్టర్లు సిస్టర్ అంటారు. చుట్టాలు కళ్ళద్దాల షాపంటారు. ఆమె చిట్టీ పట్టుకుని ఖమ్మం వెళ్ళి శుక్లాలు తీయించుకున్న వాళ్ళు వేలల్లో ఉంటారు. చూపు వచ్చాక వాళ్ళు దండం పెట్టేది ఆపరేషన్ చేసిన చేతికే, అది న్యాయమే. కన్నకూతురు నవత ఒక్కనాడూ ఈ గదిలోకి వచ్చి కూర్చోలేదు. "నీ లెక్క చీకట్ల కూసునే నౌకరీ నాకొద్దమ్మా" అని హైదరాబాద్‌లో ఏదో కంప్యూటర్ చదువు చదువుతోంది.

అందుకేనేమో ఆ రోజు శ్యామల నోరు ఆగలేదు.

"ఇది అద్దాలు అమ్ముడు కాదు పూలీ. నంబరు ఎంత అనేది ఒక్కటే కాదు. చూపు ఎందుకు తగ్గింది, అద్దంతోని వస్తదా, డాక్టరు దగ్గరికి పంపాలెనా, అది పట్టుకోవాలె. మందు మనం రాయం, కత్తి మనం పట్టం. కానీ మనం పట్టుకోకపోతే వాళ్ళకు తెల్వకుండనే కండ్లు పోతయ్."

పూలి వింటున్నంతసేపూ రెప్ప వేయలేదు.

పదకొండింటికి ఒక లంబాడా ముసలామె వచ్చింది. శ్యామల ఎంత అడిగినా చెయ్యి ఎత్తలేదు, నోరు విప్పలేదు. పూలి వెళ్ళి ఆమె పక్కన నేల మీద కూర్చుని తమ భాషలో ఏదో చెప్పింది. మూడు వేళ్ళు చాపి అటూ ఇటూ తిప్పి చూపించింది. ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత పట్టీ చివరి వరుస దాకా చెయ్యి చూపుతూనే పోయింది.

"ఏం చెప్పినవ్?"

"మేక కాళ్ళు ఎటు పెట్టి పండుకుందో చెప్పమన్న మేడం."

ఈ పిల్ల తనకంటే బాగా చేస్తుంది. అసూయ లేకుండా అనుకుంది శ్యామల. దరఖాస్తు తానే దగ్గరుండి నింపించాలనుకుంది. నాలుగేళ్ళ తర్వాత ఈ కుర్చీలో పూలి కూర్చుంటుందని కూడా అనుకుంది. అలా ముందుకు చూసి చాలా కాలమైంది.

మధ్యాహ్నం ఇద్దరూ పక్కపక్కన బల్ల ముందు కూర్చుని టిఫిన్లు విప్పారు. టమాట పచ్చడి డబ్బా శ్యామల పూలి భుజం పక్కగా చాపింది. పూలి అన్నం కలుపుకుంటోంది. శ్యామల చెయ్యి అలాగే గాలిలో ఉంది. చెంపకు జానెడు దూరంలో డబ్బా ఉంది, ఆ పిల్లకు అది లేదు.

శ్యామల డబ్బా బల్ల మీద పెట్టేసింది. పొద్దున గుమ్మంలో ఆగిపోవడం, స్టూలు తగలడం, నల్లగుడ్డ గదిలో గోడ తడుముతూ నడవడం, అన్నీ ఒక్కసారిగా వరుస కట్టాయి.

"తిన్నంక ఇంకొక పరీక్ష నేర్పిస్త" అంది. నేర్పడానికి కాదని ఆమెకే తెలుసు.

మోకాళ్ళు మోకాళ్ళు తగిలేలా ఎదురెదురుగా కూర్చున్నారు. పూలి ఒక కన్ను మూసుకుంది.

"నా ముక్కు మీది నుంచి చూపు తియ్యొద్దు. పక్కన నా వేళ్ళు కదిలినప్పుడు చెప్పు."

శ్యామల చేతిని పక్కకు చాపి వేళ్ళు ఆడించింది. తనకు కనబడే వేళ్ళు ఎదుటి మనిషికీ కనబడాలి. ఈ పరీక్ష అంతా అంతే. వేళ్ళు ఆడిస్తూ లోపలికి తెచ్చింది. చెవి దాటాయి. చెంప దాటాయి. పూలి చిరునవ్వుతో, బుద్ధిగా ముక్కునే చూస్తోంది.

"ఇంక మొదలు పెట్టలేదా మేడం?"

రెండో కన్నూ అంతే. పైనుంచి, కింది నుంచి కూడా అంతే. శ్యామల మళ్ళీ మొదటి నుంచి చేసింది. ఇన్నేళ్ళలో తన కొలత తప్పు కావాలని ఆమె కోరుకున్న రోజు అదొక్కటే.

"రాత్రిపూట నీకెట్ల ఉంటది?"

"రాత్రి ఎవరికి కనబడ్తది మేడం?"

"మీ అమ్మ పొద్దుగూకినంక బయటికి పోదా?"

"పోతది. అమ్మకు అలవాటైంది. నాకే ఇంక అలవాటు కాలే."

శ్యామల లేచి తలుపు మూసింది. కంటి లోపలి పొర చూసే పరికరం పట్టుకుని పూలి ముఖానికి ముఖం ఆనించింది. నారింజ రంగులో మెరవాల్సిన చోట, అంచుల పొడుగునా, ఎవరో బొగ్గుపొడి చల్లినట్టు నల్లటి పోగులు. నడుమ మాత్రం చిన్న నాణెమంత జాగా ఇంకా శుభ్రంగా ఉంది. పొద్దున్నుంచీ ఆ పిల్ల లోకాన్ని చూసింది ఆ నాణెం లోంచే.

"మీ ఇంట్ల ఇంకెవరికన్నా చూపు తక్కువ ఉండెనా?"

"మా నాయనమ్మకు. ఆమె పేరే నాకు పెట్టిండ్రు. నలభై ఏండ్లకే కండ్లు పోయినయంట, పొయ్యి పొగకు." చెబుతూ చెబుతూ పూలి ఆగిపోయింది. "ఏందయ్యింది మేడం?"

శ్యామల దగ్గర ఈ మాటకు పాత వాక్యాలు చాలా ఉన్నాయి. ఒక్కటీ పనికి రాలేదు.

"పక్క చూపు పోతుంది పూలీ. నేను డాక్టర్ను కాదు. హైదరాబాద్‌ల పెద్ద దవాఖానల చూసి చెప్పాలె."

"అద్దాలు పెడితే వస్తదా?"

"రాదు."

"ఆపరేషన్?"

"దీనికి లేదు."

"నడుమది కూడ పోతదా?"

శ్యామల చేతిలోని పరికరం ఆర్పింది. పొద్దున ముసలమ్మ మెడను చదివిన పిల్ల శ్యామల ముఖాన్ని చదువుకుంది.

"మరి ఈ చదువు?"

"వేరే చదువులు మస్తుగున్నయి. చెప్పే పని, రాసే పని..."

"నేను అడిగింది ఈ చదువు మేడం."

శ్యామల ఆ పిల్ల చెయ్యి పట్టుకోబోయింది. పూలి వెనక్కి తీసుకుంది. కోపంతో కాదు, ముఖం తుడుచుకోవడానికి.

శ్యామల హైదరాబాద్ ఆసుపత్రికి ఉత్తరం రాసింది. అక్షరాలు వంకర పోతే రెండోసారి రాసింది. తెల్ల కవరులో పెట్టి, పైన పూలి పేరు రాసి ఇచ్చింది. "ఆలస్యం చెయ్యొద్దు. నేను కూడ వెంట వస్త" అంది. పూలి తల ఊపింది.

నాలుగింటికి రెడ్యా వచ్చాడు. విత్తనాల సంచి గుమ్మంలో దించి, చెమట తుడుచుకుంటూ నవ్వాడు.

"ఎట్ల మేడం? పనికొస్తదా మా బిడ్డ?"

"మంచిగ చేసింది" అంది శ్యామల. అందులో అబద్ధం లేదు. "కానీ రెడ్యా, పూలి కండ్లు ముందుగాల హైదరాబాద్‌ల చూపియ్యాలె. చిట్టీ ఇచ్చిన."

"కోర్సుల చేరనీకి కావాల్నా అది?"

"అవ్ బాపూ, కోర్సుకే" అంది పూలి చటుక్కున. "జల్దీ పోదాం. పొద్దుగూకుతది."

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. 'కాదు, కోర్సుకు కాదు' అనాలి. శ్యామల నోరు తెరిచింది. పూలి తలను పూర్తిగా ఆమె వైపు తిప్పింది. తిప్పితే గాని కనబడదు కదా. వద్దన్నట్టు చూసింది. రెడ్యా ముఖంలో సంతోషం ఇంకా ఆరలేదు. శ్యామల నోరు మూసుకుంది.

"దీనికి చిన్నప్పటి సంది చీకటంటే బుగులు మేడం" అని నవ్వుతూ రెడ్యా సంచి భుజానికెత్తుకున్నాడు. పూలి అతని చొక్కా అంచు పట్టుకుని మెట్లు దిగింది. దిగేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి ఆ గదిని ఎడమ నుంచి కుడిదాకా, మెల్లగా, ముక్కముక్కగా చూసుకుంది.

తర్వాత పరీక్షకు ఇంకో ఇద్దరు వచ్చారు. లారీ నడిపే జంపయ్య పట్టీ చదువుతున్నాడు గాని శ్యామలకు వినబడలేదు. "మళ్ళ చదవాల్నా మేడం?" అని అతనే రెండుసార్లు అడిగాడు. రేపు తండాకు వెళ్ళాలనుకుంది. అయిదున్నరకు తాళం వేసి బస్సు స్టాపుకు వచ్చింది.

షెల్టరులో మనుషులెవరూ లేరు. తండా వైపు ఆటో ఎప్పుడో వెళ్ళిపోయిందని పక్క చాయ్ కొట్టు ఆమె చెప్పింది. శ్యామల సిమెంటు బెంచీ మీద కూర్చోబోయి ఆగిపోయింది.

బెంచీ చివర తెల్ల కవరు ఉంది. పేరు పైకి కనబడేలా నీటుగా పెట్టి ఉంది. గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఒక కంకర రాయి.