ఒక్క రూలు కూడా తగ్గొద్దు

సోమవారం పదకొండు దాటి పది నిమిషాలకు మా కుట్టుమిల్లులోంచి మా అన్నను పట్టుకుపోయారు. నేను ఇస్త్రీ బల్ల దగ్గర ఉన్నాను. కళ్ళారా చూశాను.

ముగ్గురు వచ్చారు. ఒంటి మీద యూనిఫాం లేదు, రొమ్ము మీద పేరు లేదు. ముందున్నవాడు గళ్ళచొక్కా వేసుకున్నాడు. అన్న కటింగ్ మేస్త్రి. బల్ల మీద అరవై పొరల గుడ్డ పరిచి కోస్తున్నాడు. మిషన్ ఆపనైనా ఆపనివ్వకుండా గళ్ళచొక్కా అతని కాలర్ పట్టి లాగాడు.

"ఎవరయ్యా మీరు?" అన్నాడు అన్న.

"స్టేషన్‌కి రా, తెలుస్తుంది."

"ఎందుకో చెప్పండి."

చెంప పగలగొట్టాడు. అదే జవాబు.

హాల్లో మూడు వందల మందిమి ఉన్నాం. ఒక్కరమూ కదల్లేదు. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

అంతకు ముందు వారం గోదాంలో మంటలు లేచి, తాళం వేసిన తలుపు వెనక ఇద్దరు ఆడవాళ్ళు కాలి చచ్చిపోయారు. "తాళం ఎవరు వేయించారు?" అని అందరి ముందూ యజమానిని నిలదీసింది మా అన్న ఒక్కడే. మూడు రోజులు తిరక్కుండానే మంట పెట్టింది మా అన్నేనని మాట పుట్టించారు.

మా వదిన అదే హాల్లో కాజాలు కుడుతుంది. ఇద్దరం స్టేషన్‌కి పరిగెత్తాం. రైటర్ తల ఎత్తకుండానే అన్నాడు: "ఆ పేరుతో ఇక్కడెవరూ లేరమ్మా. ఎవరితోనైనా లేచిపోయాడేమో చూసుకో."

"లేచిపోయేవాడైతే చెప్పులేసుకుని పోయేవాడు సార్," అంది వదిన. "ఆయన చెప్పులు కటింగ్ బల్ల కిందే ఉన్నాయి."

సాయంత్రం యూనియన్ గదిలో ఊపిరాడనంత మంది చేరాం. బాయిలర్ దగ్గర పనిచేసే మామ బల్ల గుద్దాడు. "స్టేషన్ తగలెట్టేద్దాం! ఇంకేం మీటింగులు?"

"పెట్టండి. వాళ్ళకీ అదే కావాలి," అంది ప్లీడరమ్మ. మా కేసులన్నీ చూసేది ఆవిడే. "మంట పెట్టారని ఈసారి నిజంగానే రాసుకుంటారు. ముందు నా మాట వినండి. మనిషిని పట్టుకుంటే ఎందుకో చెప్పాలి. పట్టుకునేవాడి పేరు కనబడాలి. ఎన్నింటికి, ఎక్కడ పట్టుకున్నారో కాగితం రాసి, చూసినవాళ్ళ చేత సంతకం పెట్టించాలి. ఇంట్లోవాళ్ళకి కబురు చెయ్యాలి. డాక్టరుకి చూపించాలి. ఇరవై నాలుగు గంటల్లో కోర్టులో నిలబెట్టాలి."

గుండీలు కుట్టే పిన్ని నోరు తెరిచింది. "ఇవన్నీ ఉన్నాయా? మరి మాకెవరూ చెప్పలేదేం?"

"చెప్తే అడుగుతారుగా!" అంది ప్లీడరమ్మ.

"కాగితంలో రాసుంటే లాఠీ ఆగుద్దా?" అన్నాడు మామ.

"దానంతటది ఆగదు. మూడు వందల మంది వెళ్ళి అడగాలి."

మంగళవారం మిల్లు నడవలేదు. అందరం స్టేషన్ ముందు కూర్చున్నాం. గంటకొకరం లోపలికెళ్ళి "ఆయనెక్కడ?" అని అడిగాం. గంటకోసారి "లేడు" అన్నారు. పదకొండు దాటి పది నిమిషాలకు ప్లీడరమ్మ లేచి, "ఇరవై నాలుగు గంటలు అయిపోయాయి!" అని అరిచింది. అప్పుడు పోలీసులు లాఠీలతో మా మీద పడ్డారు. చెదిరిపోయినవాళ్ళం పక్క సందులోంచి తిరిగొచ్చి మళ్ళీ కూర్చున్నాం. పిన్ని నుదురు చిట్లింది. ఆ రక్తం తుడుచుకోనంది. "చూడనీ వాళ్ళని."

అక్కడే వదినకు ఒక సంగతి తట్టింది. మిల్లులో ఏ పనైనా ఐదు నిమిషాలు ఆగిందంటే ఎందుకు ఆగిందో సూపర్‌వైజర్ పుస్తకంలో రాయాలి. టీ బంకు దగ్గర అతన్ని చుట్టుముట్టాం.

"నా ఉద్యోగం పోతుందక్కా," అన్నాడు.

"మా ఆయన ప్రాణం పోతుందయ్యా," అంది వదిన.

అటూ ఇటూ చూసి ఫోన్ తీసి, రోజూ ఆఫీసుకు పంపే ఆ పేజీ ఫోటో మాకూ పంపాడు. సోమవారం, 11.10. కటింగ్ ఆగింది. కారణం: పోలీసులు మేస్త్రిని తీసుకెళ్ళారు. కింద మేనేజరు సంతకం.

బుధవారం మధ్యాహ్నం అన్నను కోర్టుకు తెచ్చారు. ఆ పొద్దునే బస్టాండులో కిరోసిన్ డబ్బాతో దొరికాడట! కాగితం సిద్ధంగా ఉంది. మేమెన్నడూ మొహం చూడని ఇద్దరు సాక్షులూ సిద్ధం. గళ్ళచొక్కా ఆ రోజు యూనిఫాం వేసుకుని, పేరు తగిలించుకుని వచ్చాడు. ప్లీడరమ్మ ఫోటో ముందు పెట్టింది. మేజిస్ట్రేట్ అసలు పుస్తకం తెప్పించాడు. మేనేజరు చెమటలు కక్కుతూ సంతకం తనదేనన్నాడు.

"నిన్నేమైనా చేశారా?" అని మేజిస్ట్రేట్ అన్నను అడిగాడు.

అన్న గళ్ళచొక్కా వైపు చూశాడు. మమ్మల్ని చూశాడు. మెల్లగా కుడిచెయ్యి ఎత్తాడు. మూడు వేళ్ళు నల్లగా వాచి వంకర తిరిగి ఉన్నాయి.

"కటింగ్ మిషన్ పట్టే చెయ్యి ఏదని అడిగారండీ," అన్నాడు. "చెప్పాను."

నేను అబద్ధం చెప్పను. ఆ క్షణాన నాకు న్యాయం గుర్తు రాలేదు. ఆ గళ్ళచొక్కా వేళ్ళు నా ఇస్త్రీపెట్టె కింద పెట్టాలనిపించింది.

అన్నను ఆ రోజే విడిచిపెట్టారు. ఆ వేళ్ళు మాత్రం మళ్ళీ వంగలేదు. గళ్ళచొక్కా మీద మేజిస్ట్రేట్ వేసిన విచారణ ఐదు నెలలు నడిచింది. వాయిదా వేసిన ప్రతిసారీ వదిన వెళ్ళింది, ఆమె వెంట వంతులవారీగా మేమూ వెళ్ళాం. మొదట పదిమందిమి. తర్వాత పక్క మిల్లులవాళ్ళు, ఆ తర్వాత కాలేజీ పిల్లలు. చివరికి గళ్ళచొక్కాకు ముందస్తు బెయిలు ఇవ్వనంది కోర్టు. కోర్టు ఆవరణలో, పట్టపగలు, మా అందరి ముందూ వాణ్ణి పట్టుకోవడానికి కొత్త ఆఫీసరు వచ్చాడు.

వచ్చాడు కానీ, జీపును వెనక గేటు దగ్గర పెట్టించాడు. "పదండి సార్," అని మర్యాదగా నడిపించబోయాడు. రెండు గేట్లకూ అడ్డంగా నిలబడ్డాం. మామ చెప్పు తీశాడు. "రెండు నిమిషాలు నాకొదలండి!"

"వద్దు మామా," అంది వదిన. "ఒక్క దెబ్బ పడిందా, అందరూ వాణ్ణే పాపం అంటారు. వాడికి రూలు మొత్తం కావాలి. ఒక్కటి కూడా తగ్గొద్దు."

ఆఫీసరుకు ఎదురుగా వెళ్ళింది. "మీ పేరేంటి? చెప్పండి. ఎందుకు పట్టుకుంటున్నారో ఆయనకి చెప్పండి. గట్టిగా. వెనకున్నవాళ్ళకి వినబడట్లేదు."

ఆఫీసరు చదివాడు. అక్రమ నిర్బంధం. చిత్రహింస. దొంగ కాగితాలు సృష్టించడం. ఒక్కో మాటకూ గళ్ళచొక్కా మొహం మాడిపోయింది. కడుపు నిండా విన్నాను.

"టైము రాయండి. సాక్షి సంతకం నేను పెడతాను," అంది వదిన. "ఆయన భార్యకి ఫోన్ చెయ్యండి. ఇప్పుడే. మొగుడెక్కడున్నాడో తెలీకుండా నేను రెండు రోజులు తిరిగాను. ఆవిడకి ఆ గతి పట్టకూడదు."

ఫోన్‌లో ఏడుపు వినిపించింది. గళ్ళచొక్కా అప్పటిదాకా బిగబట్టుకున్నవాడు ఒక్కసారిగా తెగించాడు. "నన్నొక్కణ్ణే బలి చేస్తారేంట్రా! ఆ పొద్దున నాకు ఫోన్ చేసిందెవరో మీ ఓనర్నడగండి! ఏ చెయ్యి విరగ్గొట్టాలో చెప్పింది ఎవరో అడగండి!"

ఆఫీసరు కలం మూశాడు. "కోపంలో ఏదో అన్నాడు. అది ఇందులో అక్కర్లేదు."

"రాయండి," అంది వదిన.

"రాయి," అన్నాడు మామ.

"రాయి! రాయి!" అని పిన్ని అందుకుంది. తర్వాత ఎవరి గొంతు ఎవరిదో తెలియలేదు. ఆఫీసరు ముందు గేటు చూశాడు, మేమున్నాం. వెనక గేటు చూశాడు, అక్కడా మేమే. కలం తెరిచి రాశాడు. ప్లీడరమ్మ ప్రతి మాటా చదివి చూసి, తలూపింది.

మేము ఇళ్ళకు పోలేదు. అందరం మిల్లు దారి పట్టాం. యజమాని కారు ఇంకా లోపలే ఉందని మిల్లు గేటు దగ్గరివాళ్ళు కబురు పంపారు.