కొంగ మెడ పక్కన తెల్లగీత

తప్పు నాది కాదని ముందే చెప్పేస్తున్నాను. మా పెద్ద వదిన నాకు కందిరీగ అని పేరు పెట్టింది. కుట్టడమే తప్ప కుదురుగా వినడం రాదని ఆవిడ అభిప్రాయం. ఉన్న మాటే అనుకోండి. కానీ ఆ రోజు ప్రింటింగ్ హాల్లో అందరూ నావైపు గుడ్లప్పగించి చూసినప్పుడు మాత్రం నేను ఏ పాపమూ ఎరగను.

మా పనేమిటో చెప్పకపోతే ఈ గొడవ ఎవరికీ అర్థం కాదు. మేము చేసేది పట్టు స్కార్ఫులు. వాటిని కట్టుకునేవాళ్ళ కాళ్ళకి దుమ్ము అంటదు, అంత ఖరీదు. ఒక్కో స్కార్ఫు మీద గోడకి తగిలించుకోదగ్గ బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మలు గీసేది మా పెద్ద వదిన, అంటే మా ఆయనకి పెద్దక్క. పై అంతస్తులో కిటికీ పక్కన ఆవిడ గది. అక్కడ కాగితం మీద రంగుల్లో తయారైన బొమ్మ కింద మా గదికి దిగుతుంది. మా గదిలో బల్లలకి గాజు పలకలు, వాటి కింద లైట్లు. బొమ్మని గాజు మీద పరిచి, పైన పల్చటి ఫిల్ము వేసి, ఒక్కో రంగునీ ఒక్కో ఫిల్ము మీదకి నల్లసిరాతో ఎత్తి రాస్తాం. ఎరుపు ఎక్కడెక్కడ ఉందో అంతా ఒక ఫిల్ము, బూడిదరంగు అంతా ఇంకో ఫిల్ము. బొమ్మలో ఎన్ని రంగులుంటే అన్ని ఫిల్ములు, వాటినుంచి తయారయ్యే, రంగు అద్దే జల్లెడల్లాంటి స్క్రీన్లూ అన్నే. హాల్లో పొడవాటి బల్ల మీద పట్టు పరిచి మేస్త్రి ఒకదాని తర్వాత ఒక రంగు అద్దుకుంటూ పోతాడు. పక్కపక్క రంగులు ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చోవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా మధ్యలోంచి తెల్లపట్టు పళ్ళికిలిస్తుంది.

అందుకే మా గదిలో ఒక నియమం ఉంది. ఎప్పుడూ అసలు బొమ్మ చూసే గీయాలి, పక్కవాళ్ళ ఫిల్ము చూసి గీయకూడదు. వాళ్ళు గోరంత తప్పితే మనం కొండంత తప్పుతాం. ఈ నియమం నాకు నేర్పింది మా చిన్న వదిన, మా ఆయనకి చిన్నక్క. నన్ను ఈ పనిలో పెట్టించిందీ, కలం పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పిందీ ఆవిడే. పెద్ద వదిన బొమ్మల్ని మాత్రం ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. "అక్క గీత నా చేతికే తెలుసు" అనేది. పొద్దస్తమానం గాజుబల్ల మీదకి మెడ వంచుకుని ఉండే ఆవిణ్ణి చూసి పెద్ద వదిన "మా చెల్లి కొంగజపం మొదలెట్టింది" అని నవ్వేది. వాళ్ళిద్దరూ పెళ్ళిళ్ళు చేసుకోలేదు. మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే బస్సెక్కి పనికి వెళతాం.

ఆ సీజన్‌కి పెద్ద వదిన గీసింది కొంగల బొమ్మ. చిత్తడినేల, రెల్లు, ఎగరబోయే గుంపు, అన్నిటికంటే ముందు ఒక పెద్ద కొంగ. దాని మెడ స్కార్ఫు మధ్యలోంచి మూలదాకా వంపు తిరిగి వెళుతుంది. చిన్న వదిన సగం ఫిల్ములు పూర్తిచేసేసరికి స్నానాలగదిలో జారిపడి కాలు మడతేసుకుంది. డాక్టరు మంచం దిగొద్దన్నాడు. మా మేడం, అంటే కంపెనీ యజమానురాలు, మిగతా ఫిల్ములు నన్ను చెయ్యమంది.

ఆ మాట ఇంట్లో చెబితే చిన్న వదిన సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నేను లేచేదాకా ఆగమని చెప్పు."

"ఆగితే సీజన్ పోతుందట వదినా."

"అయితే నా ఫిల్ములు పెట్టుకుని వాటి అంచులు చూసి గీయి. బొమ్మ చూసి గీయకు."

నాకు ఒళ్ళు మండింది. మీరు నేర్పిన నియమమే కదా అని అడిగాను. ఆవిడ దుప్పటి అంచు నలుపుతూ, "చెప్పింది విను. అక్క బొమ్మ నీకు కొత్త" అంది. అంటే ఏమిటి? ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు బొమ్మ చూసి గీయడం రాదనేగా. ముక్కు మీద కోపంతో మర్నాడు పనికి వెళ్ళి, ఆవిడ ఫిల్ముల్ని కవర్లోంచి బయటికి కూడా తియ్యకుండా, అసలు బొమ్మనే గాజు మీద పరుచుకున్నాను.

దగ్గర్నుంచి చూస్తే ఆ గీత వింతగా ఉంది. కొంగ మెడ సాఫీగా జారిపోకుండా చిన్నచిన్న అలలు పోతోంది. రెల్లు ఆకులూ అంతే. గాలి వీస్తోంది కాబోలు, ఆ గాలికి కొంగ ఈకలు రేగుతున్నాయి కాబోలు అనుకున్నాను. ఈ వయసులో కూడా పెద్ద వదిన కొత్తదారి తొక్కిందని ముచ్చటేసింది. ఒక్కో అలనీ ఊపిరి బిగబట్టి ఎత్తాను. మూలన ఆవిడ సంతకం కూడా అలాగే ఒణుకుతూ ఉంటే, అదీ ఉన్నదున్నట్టు రాశాను. అంత శ్రద్ధగా నేను జన్మలో ఏ పనీ చెయ్యలేదు.

ట్రయల్ గుడ్డ మీద రంగులు అద్ది చూసే రోజుకి చిన్న వదిన కుంటుకుంటూ పనిలోకి వచ్చేసింది. మేస్త్రి ముందు ఆవిడ ఫిల్ముల రంగులు వేశాడు. తర్వాత నావి. స్క్రీన్ ఎత్తి, తల గోక్కుని, మళ్ళీ వంగి చూశాడు.

"ఇదేంటమ్మా, ఎక్కడా కలవట్లేదు? స్క్రీన్ జరిగిందేమోనని గుర్తులు కూడా చూశాను. గుర్తులు బాగానే ఉన్నాయి."

కొంగ మెడ పొడవునా తెల్లగీత. ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా, తెగి మళ్ళీ మొదలయ్యే తెల్లగీత. ఇంకొన్నిచోట్ల రంగు మీద రంగు ఎక్కి మురికి నలుపు తేలింది. రెల్లు ప్రతి ఆకుకీ అదే. పెట్టిన పట్టంతా దండగ.

మేడం వచ్చింది. ఆవిడ గట్టిగా అరవదు. అరిస్తే బాగుండేది.

"సగం చిన్నక్క చేసింది, సగం నువ్వు చేశావు. చిన్నక్క చెయ్యి ఎప్పుడూ తప్పలేదు. నీకు ఫిల్ముల పని ఇంకా బరువేమో. అంచులు చుట్టే గదిలో మనిషి కావాలంటున్నారు" అంది.

అంచులు చుట్టడం తక్కువ పనేం కాదు. కానీ సూదికీ నాకూ పుట్టుకతోనే పడదు. పైగా చెయ్యని తప్పుకి పోవడం. చిన్న వదిన వైపు చూశాను. ఆవిడ ఒక్క మాట అంటే చాలు. ఆవిడ నేల చూస్తూ, "పిల్లకి చెయ్యి ఇంకా కుదరలేదు మేడం. అవన్నీ నేను మళ్ళీ గీసేస్తాను, దాన్ని ఏమీ అనకండి" అంది.

తల కొట్టేసినట్టయింది నాకు. నా తరఫున మాట్లాడుతున్నట్టే మాట్లాడి నన్ను ముంచేసింది.

ఫిల్ములు పోల్చి చూద్దామని మేడం మమ్మల్ని మా గదిలోకి తీసుకెళ్ళింది. మేస్త్రి కబురు పంపితే పెద్ద వదిన కూడా పై అంతస్తు నుంచి దిగి అక్కడికే వచ్చింది. మెడలో తన పాత డిజైనే, గుర్రాల స్కార్ఫు. చేతులు శాలువాలో దాచుకుంది. ఈ మధ్య ఎండలో కూడా ఆవిడకి శాలువా కావాలి. ఇంట్లో కూరగాయలు తరగడం మానేసింది, టీ సగం గ్లాసే పోయించుకుంటోంది, ఇచ్చే ముందు చిన్న వదిన గ్లాసుకి రుమాలు చుడుతుంది. మహారాణిగారి సేవలు అని నేను మా ఆయన దగ్గర సణిగేదాన్ని కూడా.

మేడం రెండు ఫిల్ములు గాజు మీద పక్కపక్కన పెట్టి లైటు వేసింది. రెండింటిలోనూ కొంగ మెడ. ఒకటి చిన్న వదినది, నీటిధారలా సాఫీగా జారింది. ఒకటి నాది, అలలు అలలుగా.

"పెద్దక్కా, మీరే చెప్పండి. మీ గీత ఏది?"

పెద్ద వదిన కళ్ళజోడు సర్దుకుని వంగింది. ఆలోచించను కూడా లేదు.

"ఇదిగో, ఇది" అని సాఫీగా ఉన్నదాన్ని చూపించింది. తర్వాత నావైపు తిరిగి నవ్వింది. "ఏమే కందిరీగా, గీసేటప్పుడు చలి జ్వరం గానీ వచ్చిందా? నాలాంటి దానికే చెయ్యి కాస్త ఒణికినా గీత ఒణకదు. పడుచుదానివి, నీకేం వచ్చింది?"

మేస్త్రి కిసుక్కుమన్నాడు. చిన్న వదిన మాత్రం నా మోచెయ్యి పట్టుకుంది. గట్టిగా, నొప్పెట్టేలా. "వద్దే" అంది గొంతులోనే. అప్పుడైనా నాకు వెలిగుండాలి. వెలగలేదు. కోపంలో ఉన్నదానికి కళ్ళుంటాయి కానీ చూపుండదు. చెయ్యి విదిలించుకుని బీరువా తీసి, అసలు బొమ్మ తెచ్చి గాజు మీద పరిచాను.

"నా ఫిల్ము వేసి చూడండి వదినా. తర్వాత ఈవిడది వెయ్యండి. ఎవరికి చలి జ్వరం వచ్చిందో తెలుస్తుంది."

పెద్ద వదిన నా ఫిల్ము తనే తీసుకుని బొమ్మ మీద వేసింది. అల మీద అల కూర్చుంది. ఎక్కడా గీతంత కూడా తేడా లేదు. గెలిచాను. ఆ గెలుపు ఆవిడ రెండో ఫిల్ము అందుకునేదాకానే ఉంది.

తర్వాత చిన్న వదిన గీసిన ఫిల్ముని బొమ్మ మీద వేసింది. కలవలేదు. కాస్త పైకి జరిపింది. కిందకి జరిపింది. తిప్పి వేసిందేమోనని తీసి చూసుకుని మళ్ళీ వేసింది. శాలువా ఎప్పుడో జారిపోయింది. లైటు వెలుగులో ఆవిడ చెయ్యి నాకు మొదటిసారి పూర్తిగా కనిపించింది. ఆ చేతిలో ఫిల్ము గలగలమంటోంది. అప్పుడర్థమైంది నాకు, ఆ కొంగ ఈకల్లో ఏ గాలీ లేదని. నా నోరు పడిపోతే బాగుండుననిపించింది.

పెద్ద వదిన ఫిల్ము పక్కన పెట్టి, వేలితో తన బొమ్మ మీద కొంగ మెడని పైనుంచి కిందదాకా తడిమింది.

"ఎప్పట్నుంచే?" అంది చెల్లెల్ని చూడకుండానే.

చిన్న వదిన తన ఫిల్ముని తీసి కవర్లో పెట్టబోయింది.

"నిన్నే."

"గుర్రాల దగ్గర్నుంచి" అంది చిన్న వదిన. "మొదట్లో కాళ్ళ దగ్గర ఒకటి రెండు చోట్లే దిద్దాను అక్కా. అది కూడా చాలా కొంచెం. నువ్వు మళ్ళీ మామూలైపోతావనుకున్నాను. ఆ తర్వాత… ఎలా చెప్పను? నీకు బొమ్మలు తప్ప ఇంకేం ఉంది?"

మేడం మేస్త్రిని బయటికి వెళ్ళమని సైగ చేసింది. పెద్ద వదిన మెడలోంచి గుర్రాల స్కార్ఫు విప్పింది. ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. సాయం చెయ్యబోయిన చెల్లెల్ని ఆగమన్నట్టు చూసింది.

"ఈ గుర్రాలప్పుడే చెయ్యి మొదలైంది" అంది. "డాక్టరు దగ్గరికి వెళదామని చీటీ కూడా తీసుకున్నాను. ఈలోగా స్కార్ఫు అచ్చయి వచ్చింది. కాళ్ళు చూశాను. ఒక్క గీత ఒణకలేదు. ఇంత బాగా గీసే చేతికి జబ్బేమిటి, ఒట్టి భయం అనుకున్నాను. వెళ్ళలేదు. ప్రతిసారీ భయమేసినప్పుడల్లా స్కార్ఫు తీసి చూసుకునేదాన్ని. నా ధైర్యమంతా నువ్వు గీసిందేనటే!"

చిన్న వదిన బల్ల పట్టుకుని కూలబడింది. నాకూ ఏడుపొచ్చింది. ఆవిడ తప్పు చేసిందని కాదు. ఆవిడ స్థానంలో నేనున్నా, పెద్ద వదినంటే నాకు అంత ప్రాణముంటే, అదే చేసేదాన్నేమోనని.

మేడం మెల్లగా గొంతు సవరించుకుంది. ఆవిడ చెడ్డది కాదు, కానీ సీజన్ ఎవరికోసమూ ఆగదు. "పెద్దక్కా, మీ ఇష్టం. చిన్నక్క ఫిల్ములకి సరిపడేలా మిగతావి గీయిద్దామంటే గీయిద్దాం. బయటివాళ్ళకి తెలియనక్కర్లేదు."

"అలాగే కానివ్వండి" అంది పెద్ద వదిన. "అచ్చయ్యేది మా చెల్లి కొంగ. చక్కగా ఉంది. దాని కింద నా పేరెందుకు? తీసేయండి."

"అక్కా!"

"సంతకం ఉన్న ఫిల్ము ఎవరి దగ్గరుంది?"

నా దగ్గరే ఉంది. నల్లరంగు కోసం గీసిన ఫిల్ము. తీసి గాజు మీద పెట్టాను. తప్పు రాసినచోట సిరా గీకడానికి మా దగ్గర చిన్న బ్లేడు ఉంటుంది. అది తీసి పెద్ద వదినకి ఇవ్వబోయాను. ఆవిడ తన చేతివైపు చూసుకుని తల అడ్డంగా ఊపింది.

"నువ్వే గీకు. నాకెక్కడ కుదురుతుంది?"

గీకాను. ఇష్టం లేకుండా, ముక్కు చీదుకుంటూ, ఒక్కో అక్షరం. సిరా పొడిగా రాలింది. వదిన నా భుజం మీద చెయ్యేసి చూస్తూ నిలబడింది. ఆ ఒణుకు నా జబ్బలోకి తెలుస్తోంది. చివరి అక్షరం దగ్గర ఆగిపోయాను. "కానీ" అంది. కానిచ్చాను.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నువ్వు వస్తావా?" అని నన్నడిగింది.

వస్తానన్నాను. చిన్న వదిన బల్ల పట్టుకుని లేచింది. దెబ్బ తగిలిన కాలు నేల మీద ఆననివ్వకుండానే రెండడుగులు వేసింది.

"నేను తీసుకెళ్తానక్కా. నేనే వస్తాను."

పెద్ద వదిన ఆవిడ వైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది.

"నువ్వొద్దమ్మా" అంది. "డాక్టరు చెప్పింది కూడా నువ్వు దిద్దేస్తావు."