ఊరేగింపులో అంబులెన్స్

నాకు అన్నిటికంటే పెద్ద భయం, కొండ మలుపులో, కారు వెనక సీట్లో కాన్పు కావడం. ఇప్పుడు నాకు ఏడో నెల. పెద్దది ఎమ్మీ మా ఊరి ఆస్పత్రిలోనే పుట్టింది. దాని కోసమే పదకొండో తరగతిలో బడి మానేశాను. అది పుట్టిన కొన్నాళ్ళకే కాన్పుల వార్డు మూసేశారు. ఇప్పుడు నొప్పులొస్తే కొండ దాటి నగరానికి పోవాల్సిందే.

ఆ ఆస్పత్రి తెచ్చింది మా ప్రెసిడెంట్. ఈ బొగ్గు లోయలోనే పుట్టి, కోర్టు ముందు చిన్న వకీలుగా మొదలై, సెనేటరై, వైట్‌హౌస్ దాకా వెళ్ళాడు. ఆయన నడిపిన యుద్ధానికి బయటివాళ్ళు ఇప్పటికీ ఆయన్ని తిడతారు. మా అత్తగారి అన్న ఆ యుద్ధం నుంచే పెట్టెలో ఇంటికొచ్చాడు. అయినా ఆవిడ వంటింట్లో ప్రెసిడెంట్ ఫోటో ఏసుప్రభువు పక్కనే ఉంటుంది. డాక్టరు చేరేలోపే తన తల్లి కాన్పులో పోయిందని ప్రతి ఎన్నికల సభలోనూ చెప్పేవాడట. గెలిచాక ఆ మాట మరిచిపోలేదు. పల్లె ఆస్పత్రుల చట్టం మీద సంతకం పెట్టాడు.

మూసేసిన వార్డు ఇప్పుడు ఆయన మ్యూజియం. ఎమ్మీ పుట్టిన గదిలో ఆయన తల్లి మంచం పెట్టి, చుట్టూ ఎర్ర పట్టుతాడు కట్టారు. వార్డు నడపడం మా వల్ల కాదన్న ఆస్పత్రి కమిటీయే మ్యూజియానికి ఊరూరా తిరిగి చందాలు పోగేసింది.

పోయిన ప్రెసిడెంట్లందరికీ పంపినట్టే, ఏటా ఆయన పుట్టినరోజున వాషింగ్టన్ నుంచి పూలదండ వస్తుంది, ఒక మిలిటరీ ఆయన తెచ్చి వేస్తాడు. ఆ రోజు ఊరేగింపు. స్కూలు బ్యాండు, ట్రాక్టర్లు, మా కౌంటీకున్న ఒక్కగానొక్క అంబులెన్సు, దాని వెనక గుర్రాలు. అంబులెన్సు సైరన్ మోగిస్తూ పిల్లలకి చాక్లెట్లు విసురుతుంది. చిన్నప్పుడు నేనూ ఏరుకున్నదాన్నే.

ఈసారి ఊరేగింపు నడివీధిలో ఉండగా నా ఫోను మోగింది. పక్క లోయలో ఉండే ఆర్డిత్ మొగుడు డెన్నీ. ఆర్డిత్‌కి నెలలు నిండుతున్నాయి. చర్చి వంటగదిలో నాతో కలిసి చిక్కుళ్ళు ఒలిచే పిల్ల.

"ఉమ్మనీరు పోయింది, రక్తం కూడా పోతోంది! అంబులెన్సుకి చేస్తే వస్తోంది, వస్తోంది అంటారు. ఎక్కడ చచ్చింది ఆ బండి?"

బండి నా కళ్ళ ముందే ఉంది. ఎమ్మీని చంకనేసుకుని పరిగెత్తాను.

"వెర్లిన్ మామా, ఆర్డిత్‌కి..."

"తెలుసమ్మా, రేడియోలో చెప్పారు," అన్నాడు నడిపే వెర్లిన్. నుదుటి నిండా చెమట. "ఎటు తిప్పమంటావ్? ముందు ట్రాక్టర్లు, వెనక గుర్రాలు. సైరన్ కొడుతుంటే ఈ పిల్లకాయలు చాక్లెట్లని చేతులు చాపుతున్నారు, చూడు!"

నిజమే. ఆ సైరన్ విని ఒక్కరూ కదల్లేదు. అందరూ చేతులూపుతున్నారు.

వేదిక మీద కమిటీ పెద్ద మిసెస్ ప్రూయిట్ మైకులో ప్రెసిడెంట్ పాత ప్రసంగం చదువుతోంది. తల్లి పోయిన ఘట్టం. నేను మెట్లెక్కాను.

"మేడమ్, బండికి దారి ఇమ్మనండి. ఆర్డిత్‌కి కాన్పు కష్టమవుతోంది."

ఆవిడ మైకు మీద చెయ్యి పెట్టింది. "ఒక్క నిమిషం ఆగు తల్లీ. దండ వేసే మిలిటరీ ఆయన నిలబడి ఉన్నాడు. బాగుండదు."

"ప్రెసిడెంట్ వాళ్ళమ్మ కూడా డాక్టరు కోసం అలాగే ఆగింది!"

మైకు సరిగా మూసినట్టు లేదు. వీధి వీధంతా వినబడింది. బ్యాండు ఆగిపోయింది. జనంలోంచి మా అత్తగారు లేచింది.

"ఒరే ట్రాక్టర్లోళ్ళూ! చెవుల్లో బొగ్గు కూరుకున్నార్రా? పక్కకి లాగండి!"

ట్రాక్టర్లు కాలిబాట ఎక్కాయి. బండి వెళ్ళిపోతుంటే చాక్లెట్లు వేయలేదని ఎవరి పిల్లాడో ఏడ్చాడు.

అప్పటికే డెన్నీ ఆర్డిత్‌ని పికప్ ట్రక్కులో వేసుకుని బయల్దేరాడు. కొండ మలుపులో బండి ఎదురయ్యేసరికి బిడ్డ పుట్టేసింది, నీలంగా. వెర్లిన్ ఊపిరి పోశాడు. నగరం ఆస్పత్రిలో బిడ్డని గాజుపెట్టెలో ఉంచారు. తల్లిని మాత్రం త్వరగానే ఇంటికి పంపేశారు.

మర్నాడు మిసెస్ ప్రూయిట్ ఇంట్లో కాల్చిన 'ఆపిల్ పై' పళ్ళెం పట్టుకుని మా ఇంటికొచ్చింది. "నీ బాధ అర్థమైంది. కానీ ఆయన పుట్టినరోజున ఆయన్నే అవమానించావు కదమ్మా."

"ఆయన తెచ్చిన వార్డుకి తాళం వేసింది నేనా?" అన్నాను. "ఆయన అమ్మ మంచానికి పట్టుతాడు కట్టారు. మాకు కనడానికి మంచం లేకుండా చేశారు. ఇంకా ఏం అవమానించాలి ఆయన్ని?"

"ఆ ఆపిల్ పై అక్కడ పెట్టి వెళ్ళు," అంది అత్తగారు. "అది ఏ పాపం ఎరగదు."

ఆ పరుగు తర్వాత డాక్టరు నన్ను మంచం దిగొద్దన్నాడు. మా ఆయన గనిలో, డెన్నీ నగరంలో బిడ్డ దగ్గర, అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. పచ్చి బాలింత ఆర్డిత్ ఇంట్లో ఒక్కతే ఉంది. మీలో ఎవరైనా మ్యూజియం చూడ్డానికి వస్తే అక్కడితో తిరిగిపోకండి. పక్క లోయకి పోయి, వాగు వెంట మట్టిదారిలో పైదాకా వెళ్ళండి, చివరి ఇల్లు. వాళ్ళకున్న ఒక్క ఫోనూ డెన్నీ దగ్గరే ఉంది. గుమ్మంలోనే "బానే ఉన్నా" అంటుంది. ఆ మాట నమ్మి వచ్చేయకండి. లోపలికి వెళ్ళి నుదుటి మీద చెయ్యి వేసి చూడండి, ఒళ్ళు కాలుతోందేమో.